పాత దుకాణాల లెక్క కూడా వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. అమెరికాలో ఇంటి సామాను అమ్మే పెద్ద సంస్థలు హోమ్ డిపో, లోవ్స్ ఫలితాలు ప్రకటించినప్పుడల్లా మీ వాణిజ్య పేజీలో చిన్న వార్త వేస్తున్నారు. తెలుగులో ఆ పేర్లు కనపడటమే అరుదు కాబట్టి నేను వదలకుండా చదువుతాను. అయితే ఆ వార్తలో ఎప్పుడూ రెండే అంకెలు ఉంటున్నాయి. మొత్తం అమ్మకాలు ఎంత శాతం పెరిగాయి, లాభం ఎంత. గిరాకీ బాగున్న రోజుల్లో ఆ రెండింటితో సరిపెట్టుకోవచ్చేమో. మార్కెట్ మందంగా ఉన్నప్పుడు ఆ రెండు అంకెలే చదివి నిర్ణయాలు తీసుకుంటే నష్టపోయేది మామూలు మనుషులు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదవమని ప్రార్థన.

మాది మదనపల్లె. బెంగళూరు వచ్చి రామమూర్తి నగర్‌లో స్థిరపడ్డాం. మా వారూ నేనూ హార్డ్‌వేర్, పెయింట్ల కొట్టు నడుపుతున్నాం. ఎస్‌జేపీ రోడ్డు నుంచి సరుకు తేవడం, మేస్త్రీల ఖాతాలు ఆయన చూసుకుంటారు. గల్లా, బిల్లులు, జీఎస్టీ నావి. మా అమ్మాయి సీఏ చదువుతోంది. కంపెనీల ఫలితాల కాగితాలు ఎలా చదవాలో తన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అమెరికా వాళ్ల కాగితాల్లో ఎక్కువ ఆసక్తితో చదివేది హోమ్ డిపోవే. వాళ్లు అమ్మేది మేం అమ్మే సరుకే మరి. కుళాయిలు, పైపులు, ప్లైవుడ్, పెయింటు, స్క్రూలు.

ఇది బెంగళూరు తెలుగువాళ్లకు దూరపు సంగతేమీ కాదు. లోవ్స్‌కి ఈ ఊళ్లో పెద్ద కేంద్రం ఉంది. ఇతర అమెరికా రిటైల్ సంస్థలకూ ఉన్నాయి. వాటిలో పనిచేసే మన పిల్లలు ఎంతమందో. జీతంతో పాటు కంపెనీ షేర్లు వచ్చేవాళ్లూ ఉన్నారు. కడప వైపు అబ్బాయి ఒకతను అలాంటి ఒక సంస్థలో పనిచేస్తూ కొత్త ఫ్లాట్‌కి కబోర్డుల సామాను కోసం మా దగ్గరికి వస్తుంటాడు. ఒకసారి ఫోన్‌లో పేపర్ ఫొటో చూపించి, "అక్కా, మా లైన్‌లోని హోమ్ డిపో అమ్మకాలు 14 శాతం పెరిగాయట. షేర్లు అమ్మి కిచెన్ చేయించాలా, ఉంచుకోవాలా?" అని అడిగాడు. షేర్ల సలహా ఇచ్చే అర్హత నాకు లేదని చెప్పాను. కానీ ఆ 14 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో కౌంటర్ మీదే బిల్లు పుస్తకం వెనక రాసి చూపించాను. అదే మీకూ రాస్తున్నాను.

2025 ఫిబ్రవరి 25న హోమ్ డిపో తన 2024 ఆర్థిక సంవత్సరం (వాళ్లకు అది ఫిబ్రవరి నుంచి జనవరి దాకా) చివరి త్రైమాసికం ఫలితాలు చెప్పింది. అమ్మకాలు 3,970 కోట్ల డాలర్లు. ముందటేడు అదే మూడు నెలల కంటే 14.1 శాతం ఎక్కువ. చూడగానే ఎవరికైనా అబ్బో అనిపిస్తుంది. అదే కాగితంలో ఇంకో అంకె ఉంది. ఏడాదికి పైగా నడుస్తున్న పాత దుకాణాల అమ్మకాలు ఎంత పెరిగాయి అన్న లెక్క. అది 0.8 శాతం. పద్నాలుగెక్కడ, ఒకటికి తక్కువెక్కడ!

ఈ తేడాకి కారణం దాపరికం ఏమీ కాదు, కంపెనీయే స్పష్టంగా చెప్పింది. ఆ ఏడాది వాళ్ల క్యాలెండర్‌లో 52 వారాలకు బదులు 53 వారాలు వచ్చాయి. ఆ ఒక్క అదనపు వారం చివరి త్రైమాసికంలో పడింది. దాని వల్లే దాదాపు 250 కోట్ల డాలర్లు చేరాయి. పెరిగిన మొత్తం 490 కోట్లయితే అందులో సగం ఆ వారానిదే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం 2024 జూన్‌లో కొన్న ఎస్‌ఆర్‌ఎస్ డిస్ట్రిబ్యూషన్ అనే సంస్థది. పైకప్పులు, తోటలు, ఈతకొలనుల పని చేసే కాంట్రాక్టర్లకు సరుకు పంపే కంపెనీ అది. కొనడానికి 1,825 కోట్ల డాలర్లు పెట్టారు. అంత డబ్బు పోసి ఇంకొకరి వ్యాపారాన్ని కొంటే ఆ వ్యాపారం అమ్మకాలు మన పుస్తకంలోకి వస్తాయి. అవి గిరాకీ పెరిగి వచ్చినవి కావు. ఏడాది మొత్తం చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మొత్తం అమ్మకాలు 4.5 శాతం పెరిగి 15,950 కోట్ల డాలర్లు అయ్యాయి. పాత దుకాణాల్లో మాత్రం 1.8 శాతం తగ్గాయి. లాభం 1,510 కోట్ల నుంచి 1,480 కోట్లకు దిగింది. 'అమ్మకాలు పెరిగాయి' అని రాస్తే అబద్ధం కాదు. చదివినవాడికి అమెరికాలో ఇళ్ల పనులు మళ్లీ జోరందుకున్నాయని అర్థమైతే మాత్రం అది తప్పు.

ఇది చిన్న కొట్టు నడిపేవాళ్లకు బాగా తెలిసిన విషయం. అవలహళ్లి వైపు లేఅవుట్లు లేస్తున్నప్పుడు మేం అక్కడ రెండో కొట్టు పెట్టాం. ఆ ఏడాది జీఎస్టీ లెక్కలో మా టర్నోవర్ బాగా పెరిగినట్టు కనిపించింది. బ్యాంకులో ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) రెన్యువల్‌కి వెళ్తే అక్కడి ఆఫీసర్ ఆ టర్నోవర్ చూసి లిమిట్ పెంచుతానన్నారు. నేను వద్దన్నాను. ఎందుకంటే రామమూర్తి నగర్ కొట్టు లెక్క విడిగా తీస్తే అది తగ్గింది. అటువైపు పనిచేసే మేస్త్రీలు కొత్త కొట్టు దగ్గరగా ఉందని అక్కడికి మళ్లారు. కొత్త కొట్టుకి వచ్చిన గిరాకీలో కొంత పాత కొట్టు నుంచి పోయిందే. రెండు కొట్ల లెక్కలూ నేను ఇప్పటికీ వేర్వేరు పుస్తకాల్లో రాస్తాను.

తగ్గిన అంకెలకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. లోవ్స్ అమ్మకాలు 2022 ఆర్థిక సంవత్సరంలో 9,710 కోట్ల డాలర్లు. మరుసటేడు 8,640 కోట్లు. 11 శాతం పడిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి అప్పుడే వాళ్లు కెనడా వ్యాపారాన్ని అమ్మేశారు. పైగా ముందటేడు వాళ్లకు 53 వారాలు వచ్చాయి. పాత దుకాణాల లెక్కలో తగ్గింది 4.7 శాతం. అది మంచి అంకె అని నేను అనను. కానీ 11 శాతం పడిపోయిందన్న వార్త చదివి ఇక్కడ మన పిల్లలు ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అని టెన్షన్ పడాల్సిన అవసరం లేదు కదా.

పాత దుకాణాల లెక్క తెలిశాక అడగాల్సిన రెండో ప్రశ్న, మనుషులు ఎక్కువ వచ్చారా లేక ధరలు పెరిగాయా అని. హోమ్ డిపో ఈ రెండూ విడివిడిగా చెబుతుంది. ఎన్ని బిల్లులు వేశారు, ఒక్కో బిల్లు సగటు ఎంత అని. 2022 ఆర్థిక సంవత్సరంలో వాళ్ల మొత్తం అమ్మకాలు 15,120 కోట్ల డాలర్ల నుంచి 15,740 కోట్లకు పెరిగాయి. బిల్లుల సంఖ్య మాత్రం సుమారు 176 కోట్ల నుంచి 167 కోట్లకు తగ్గింది. సగటు బిల్లు 83 డాలర్ల నుంచి 90కి ఎక్కింది. మెట్లెక్కి వచ్చిన మనుషులు తగ్గారు, వచ్చినవాళ్లు ఎక్కువ ధర ఇచ్చారు. మార్కెట్ చల్లబడుతోందన్న సంగతి అమ్మకాల్లో కనపడకముందే బిల్లుల సంఖ్యలో కనపడింది.

కలప సంగతి దీనికి మంచి ఉదాహరణ. కరోనాకి ముందు అమెరికాలో వెయ్యి బోర్డ్ ఫీట్ల (అక్కడ కలప కొలత అది) ధర 400 డాలర్ల దగ్గర ఉండేది. 2021 మేలో 1,600 దాటింది. తర్వాత పడిపోయింది. ధర అంత ఎక్కినప్పుడు అమ్మకాల అంకె దానంతట అదే పెరుగుతుంది, దిగినప్పుడు అదే తగ్గుతుంది. మాకు రాగి తీగతో ఇది రోజూ అనుభవమే. వైరు కాయిల్ ధర ఎక్కిన నెలలో గల్లాలో డబ్బు ఎక్కువ కనపడుతుంది, గోడౌన్‌లో కదిలిన కాయిల్స్ లెక్కపెడితే ముందు నెల కంటే తక్కువ ఉంటాయి. మా వారు డబ్బు చూసి సంబరపడరు, కాయిల్స్ లెక్కే అడుగుతారు.

మూడోది, ఏ సరుకు కదిలింది అన్నది. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మందగించిన మార్కెట్ ఎలా ఉంటుందో కౌంటర్ వెనక నిలబడ్డవాళ్లకే బాగా తెలుస్తుంది.

మార్కెట్ పడినప్పుడు మా కొట్టు ఖాళీగా ఉండదు. ఒక్కోసారి మామూలు కంటే రద్దీగా ఉంటుంది. కొత్త కుళాయి కొనే మనిషి వాషర్ కోసం వస్తాడు. టెఫ్లాన్ టేపు, ఎం-సీల్, సీపీవీసీ ఎల్బోలు, ఫ్లష్ ట్యాంకు లోపలి వాల్వు, ఎంసీబీ ఒకటి, తలుపు బందులు, లీటరు పెయింటు డబ్బా. ఇల్లంతా పెయింటింగ్ అనుకున్నవాళ్లు హాలు ఒక్కటే వేయిస్తారు. రాయల్ లాంటి ఖరీదైన రకం అడిగేవాళ్లు మామూలు ఎమల్షన్‌కి దిగుతారు, అదీ ఒక్క కోటు చాలంటారు. ఒక పెద్దావిడ కుళాయి విప్పి పట్టుకొచ్చి కౌంటర్ మీద పెట్టింది. లోపలి స్పిండిల్ ఒక్కటే మార్చి ఇవ్వమంది. మా కౌంటర్ కుర్రాడు పాత పెట్టె వెతికి, థ్రెడ్ కొలిచి, సరిపోయేది బిగించి ఇచ్చాడు. చాలాసేపు పట్టింది. బిల్లు వంద రూపాయలు కూడా కాలేదు. ఆ నెల అలాంటి బిల్లులే ఎక్కువ. టైల్స్, షవర్ సెట్లు, మాడ్యులర్ కిచెన్ చానెళ్లు, ఎనిమిది అడుగుల ప్లైవుడ్ షీట్లు కదలవు. వాటి మీద పెట్టిన డబ్బంతా గోడౌన్‌లో ఇరుక్కుపోతుంది.

సముద్రం అవతల జరుగుతున్నదీ ఇదే. 2023, 2024 రెండేళ్లూ హోమ్ డిపో అధికారులు ప్రతి త్రైమాసికంలోనూ ఒకే మాట చెప్పారు. చిన్న చిన్న పనులు జరుగుతున్నాయి, అప్పు తీసుకుని చేసే వంటిల్లు, బాత్రూం లాంటి పెద్ద పనులు వాయిదా పడుతున్నాయని. పాత దుకాణాల అమ్మకాలు వరుసగా ఎనిమిది త్రైమాసికాలు తగ్గి, తొమ్మిదో త్రైమాసికంలో ఆ 0.8 శాతం పెరిగాయి. ఈ వరస తెలిస్తేనే ఆ అంకె విలువ తెలుస్తుంది. 14.1 శాతం కంటే ఆ 0.8 శాతమే నాకు ఎక్కువ సంతోషం కలిగించింది. అది నిజమైన గిరాకీ.

పెద్ద పనులు ఎందుకు ఆగాయో కూడా మన పాఠకులకు చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి ఇంటి అప్పు వేరు, అక్కడిది వేరు. మన దగ్గర ఎక్కువ ఇంటి అప్పుల వడ్డీ మారుతూ ఉంటుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రిజర్వ్ బ్యాంకు రెపో రేటు, అంటే బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, 4 నుంచి 6.5 శాతానికి పెంచితే మన ఈఎంఐ పెరిగింది, లేకపోతే కట్టాల్సిన నెలలు పెరిగాయి. అమెరికాలో ఎక్కువమంది ముప్పై ఏళ్లకు ఒకే వడ్డీ మీద అప్పు తీసుకుంటారు. 2020, 2021లో 3 శాతానికి తీసుకున్నవాడు, 2023 అక్టోబర్‌లో వడ్డీ 8 శాతానికి దగ్గరగా వెళ్లినా అదే 3 శాతం కడుతూ ఉంటాడు. అతని జేబుకి దెబ్బ లేదు. కానీ ఆ ఇల్లు అమ్మి ఇంకో ఇల్లు కొంటే కొత్త వడ్డీ కట్టాలి. అందుకని కదలడు. 2024లో అక్కడ చేతులు మారిన పాత ఇళ్లు 40.6 లక్షలే. 1995 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. ఇల్లు చేతులు మారితే అమ్మేవాడు ముందే రంగు వేయిస్తాడు, కొన్నవాడు వచ్చి వంటిల్లు మార్పిస్తాడు. ఇల్లు మారకపోతే ఆ రెండు పనులూ లేవు. ఉద్యోగాలు బాగున్నాయి, ఇళ్ల ధరలు బాగున్నాయి, అయినా హోమ్ డిపో గిరాకీ ఎందుకు తగ్గింది అని అడిగేవాళ్లకు సమాధానం ఇదే. ఈ ఒక్క పేరా మీ వార్తలో ఉంటే ఎంత బాగుండేది!

కాలం సంగతి కూడా చూడాలి. వాళ్లకు మే, జూన్, జూలై నెలలు పండగ రోజులు. మంచు కరిగి జనం తోట పనుల్లో పడతారు. మనకు ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవు, శ్రావణంలో ఊపందుకుంటాయి, దసరా దీపావళికి పెయింట్లు. 2023లో అధిక శ్రావణం వచ్చి ముహూర్తాలు ఒక నెల వెనక్కి జరిగాయి. ముందటేడు ఆగస్టుతో పోల్చి 'గిరాకీ పడిపోయింది' అనుకున్న వ్యాపారులు మా లైన్లో చాలామంది ఉన్నారు. నేను నిజ శ్రావణంతో శ్రావణాన్ని పోల్చాను. త్రైమాసికాన్ని ముందు త్రైమాసికంతో పోల్చి రాసే వార్తలు ఇలాంటి వ్యాపారంలో పనికిరావు. ముందటేడు అదే కాలంతోనే పోల్చాలి, అప్పుడు కూడా పండగలు, వాతావరణం ఎటు జరిగాయో చూసుకోవాలి.

వాతావరణం అంటే తుపాన్లు కూడా. ఈ విషయం రాయడం నాకు కష్టంగానే ఉంది. 2024 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో హెలీన్, మిల్టన్ తుపాన్లు అమెరికా దక్షిణాదిని ముంచేశాయి. కిటికీలకు కొట్టే ప్లైవుడ్, జనరేటర్లు, పైకప్పు పెంకులు, టార్పాలిన్ల వల్ల ఆ త్రైమాసికంలో హోమ్ డిపోకి సుమారు 20 కోట్ల డాలర్ల అమ్మకాలు చేరాయి. మరుసటేడు 2025లో అదే కాలంలో అంత పెద్ద తుపాన్లు రాలేదు. నవంబర్‌లో ఫలితాలు చెప్పినప్పుడు, అనుకున్నంత రాకపోవడానికి తుపాన్లు లేకపోవడం ముఖ్య కారణమని కంపెనీ చెప్పింది. వాళ్లు చెప్పింది నిజమే. కానీ ఇంటి కప్పు లేచిపోయినవాడు కొన్న పెంకుల్ని జనం చేతిలో డబ్బు ఆడుతోందనడానికి గుర్తుగా ఎవరూ చూడకూడదు.

2022 సెప్టెంబర్‌లో బెంగళూరులో అవుటర్ రింగ్ రోడ్డు, సర్జాపుర రోడ్డు వైపు లేఅవుట్లలోకి నీళ్లొచ్చినప్పుడు మాకు అలాగే జరిగింది. మోటార్లు, గొట్టాలు, ఫినాయిల్, ప్లాస్టిక్ షీట్లు తెచ్చింది తెచ్చినట్టు పోయాయి. తర్వాత కొన్నాళ్లు తలుపులు. నీళ్లకు ఉబ్బి, అడుగున పొరలు విచ్చుకున్న ప్లైవుడ్ తలుపు ముక్కలు కోసుకొచ్చి, ఇదే కొలత నీళ్లకు ఉబ్బని డబ్ల్యూపీసీలో కావాలని అడిగేవాళ్లు. ఆ ముక్కల్లోంచి ఇంకా బురద వాసన వచ్చేది. ఆ బిల్లులన్నీ నేను చిట్టాలో పక్కన వేరే గీత గీసి రాశాను. మరుసటేడు సెప్టెంబర్‌తో పోల్చాల్సి వచ్చినప్పుడు ఆ గీత అవతలివి తీసేసి పోల్చాను.

ఇక లాభం. మందగించిన మార్కెట్లో లాభం అంకె మొత్తం అమ్మకాల కంటే ఎక్కువ జాగ్రత్తగా చదవాలి. 2008 సంక్షోభం నాటి లెక్కలు చూడండి. హోమ్ డిపో 2008 ఆర్థిక సంవత్సరంలో 7,130 కోట్ల డాలర్ల సరుకు అమ్మి 226 కోట్ల లాభం చూపింది. 2009లో అమ్మకాలు 6,620 కోట్లకు పడిపోయాయి. లాభం 266 కోట్లకు పెరిగింది! అమ్మకాలు 7 శాతం తగ్గిన ఏడాది లాభం 18 శాతం దాకా పెరిగిందంటే మాయేమీ లేదు. దుకాణాలు మూసిన ఖర్చులన్నీ కలిపి 2008 పద్దులోనే దాదాపు 95 కోట్ల డాలర్లు రాసేశారు. ఖరీదైన ఇంటి అలంకరణ సామాను అమ్మే ఎక్స్‌పో దుకాణాలు మూసేశారు. 2009 జనవరిలో 7,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించారు. కొత్త దుకాణాల మీద, భవనాల మీద పెట్టే డబ్బు 2007లో సుమారు 360 కోట్ల డాలర్లు ఉంటే 2009కి 100 కోట్ల లోపుకి తెచ్చారు. ముందటేడు అంత బరువు మోసింది కాబట్టే మరుసటేడు తేలిగ్గా కనపడింది.

అంతమందిని తీసేయడాన్ని నేను మెచ్చుకోలేను. అయితే అప్పటి అధిపతి ఫ్రాంక్ బ్లేక్ చేసిన పనిలో ఒక మంచి ఉందని కూడా చెప్పాలి. ఆయన ముందున్న రాబర్ట్ నార్డెల్లి కాలంలో అనుభవం ఉన్న ఫుల్‌టైమ్ మనుషులు తగ్గి పార్ట్‌టైమ్ వాళ్లు పెరిగారు. లాభం అంకెలు కొన్నేళ్లు బాగానే కనిపించాయి. దుకాణంలో అడిగితే చెప్పేవాడు లేడని కొనేవాళ్లు మాత్రం విసిగిపోయారు. 2007 జనవరిలో నార్డెల్లి వెళ్లిపోయేటప్పుడు తీసుకున్న ప్యాకేజీ 21 కోట్ల డాలర్లు. బ్లేక్ వచ్చి కొత్త దుకాణాలు కట్టడం ఆపి, ఉన్న దుకాణాల్లో కౌంటర్ మనిషి మీద దృష్టి పెట్టారు. కుళాయి స్పిండిల్‌కి థ్రెడ్ కొలిచి ఇచ్చే మా కోలారు కుర్రాడి గురించి పైన రాశాను కదా. గిరాకీ లేదని అలాంటివాణ్ని పంపించేస్తే ఆ ఏడాది లాభం కాస్త ఎక్కువ కనపడుతుంది. రెండేళ్ల తర్వాత మార్కెట్ లేచినప్పుడు ఏ బోల్టుకి ఏ నట్టో తెలిసినవాడు కొట్లో ఉండడు, మేస్త్రీ పక్క కొట్టుకి పోతాడు.

అందుకే 2023 ఫిబ్రవరిలో జరిగింది నాకు బాగా గుర్తుంది. గిరాకీ తగ్గబోతోందని చెబుతూనే హోమ్ డిపో గంటల లెక్కన పనిచేసే సిబ్బంది జీతాలకు ఏటా 100 కోట్ల డాలర్లు అదనంగా పెడతామంది. ఆ రోజు షేరు దాదాపు 7 శాతం పడింది. ఆ తర్వాత మార్జిన్ కూడా తగ్గింది. ఆపరేటింగ్ మార్జిన్, అంటే వడ్డీ, పన్ను కట్టకముందు అమ్మకాల్లో మిగిలే వాటా, 2022 ఆర్థిక సంవత్సరంలో 15.3 శాతం, 2023లో 14.2, 2024లో 13.5. లాభం తగ్గిందని వార్త రాసేవాళ్లు ఆ తగ్గినదాంట్లో కొంత కౌంటర్ మనిషి జీతంలోకి వెళ్లిందని కూడా రాయాలి. నా అభిప్రాయంలో మందగించిన కాలంలో ఒక రిటైల్ సంస్థ చేయగలిగిన మంచి ఖర్చు అదే. ఇంత నెమ్మది మార్కెట్లో ఇంత జీతాలిచ్చి కూడా 13.5 శాతం మిగిలిందంటే ఆ వ్యాపారం గట్టిదే. మూడు త్రైమాసికాల షేరు ధర చూసి తీర్పు చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను.

2020 నుంచి వరదలా వచ్చిన గిరాకీని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కరోనాలో జనం ఇళ్లలోనే ఉండి గోడలకు రంగులు వేసుకున్నారు, అరలు బిగించుకున్నారు. హోమ్ డిపో అమ్మకాలు మూడేళ్లలో 11,020 కోట్ల డాలర్ల నుంచి 15,740 కోట్లకు వెళ్లాయి. వచ్చే ఐదేళ్లలో చేయించుకోవాల్సిన పనులు కొన్ని అప్పుడే చేయించేసుకున్నారు. ఆ ఎత్తు నుంచి 3 శాతం దిగితే దాన్ని పతనం అనడం సరికాదు.

ఇదంతా చదివి, చిన్న వార్తలో ఇన్ని వేయడం కుదరదని మీ వాణిజ్య విభాగం వాళ్లు అనొచ్చు. స్థలం ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కంపెనీల పట్టికలో అదనంగా ఒక్క గడి చాలు, పాత దుకాణాల అమ్మకాల మార్పు వేయడానికి. వార్తలో ఒక్క వాక్యం చాలు, మొత్తం పెరుగుదలలో కొత్తగా కొన్న సంస్థలది ఎంత, అదనపు వారం ఏమైనా ఉందా అని చెప్పడానికి. ఇది ఇకముందు ఇంకా అవసరం. 2025లో హోమ్ డిపో ఎస్‌ఆర్‌ఎస్ ద్వారా జీఎంఎస్ అనే నిర్మాణ సామాను పంపిణీ సంస్థని సుమారు 550 కోట్ల డాలర్లకు కొంది. లోవ్స్ కూడా 880 కోట్ల డాలర్లకు ఎఫ్‌బీఎం అనే అలాంటి సంస్థనే కొంది. జీఎంఎస్ చేరిన మొదటి ఎనిమిది వారాల్లోనే 90 కోట్ల డాలర్ల అమ్మకాలు వచ్చాయి. 2025 నవంబర్ ఫలితాల్లో మొత్తం అమ్మకాలు 2.8 శాతం పెరిగితే, పాత దుకాణాల్లో పెరిగింది 0.2 శాతం. కొనుగోళ్ల పెరుగుదల ఇంకొన్నాళ్లు పత్రికల్లో గిరాకీ పెరుగుదలలా కనపడుతూనే ఉంటుంది, మీరు విడదీసి చూపిస్తే తప్ప.

ఇదే పద్ధతి మన దేశంలోని పెయింటు, టైల్స్, పైపుల కంపెనీల ఫలితాలకూ పాటించండి. పెద్ద పెయింటు కంపెనీలు అమ్మిన సరుకు పరిమాణం ఎంత శాతం మారిందీ, వచ్చిన డబ్బు ఎంత శాతం మారిందీ వేర్వేరుగా చెబుతాయి. లీటర్లు పెరిగి డబ్బు తగ్గితే, ధర తగ్గించారనో, జనం చవక రకాలకు దిగారనో అర్థం. ఆ రెండు అంకెలూ పక్కపక్కన వేస్తే మా లాంటి డీలర్లు వచ్చే సీజన్‌కి ఏ సరుకు ఎంత ఎత్తాలో తేల్చుకోగలరు. డీలర్లలో చాలామందికి ఇంగ్లిష్ బిజినెస్ పేపరు చదివే తీరిక గానీ, అలవాటు గానీ లేదు. మీ పేపరే పొద్దున్నే షట్టర్ తీశాక కౌంటర్ మీద ఉంటుంది.

ఆ కడప అబ్బాయి షేర్లు కొన్ని అమ్మాడు, కొన్ని ఉంచుకున్నాడు. కిచెన్ పని సగం ఇప్పుడు, సగం వచ్చే ఏడాది అన్నాడు. హోమ్ డిపో తర్వాతి ఫలితాల వార్త మీ పేపర్‌లో ఎలా వస్తుందో మేమిద్దరం చూస్తాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హార్డ్‌వేర్ వ్యాపారి
రామమూర్తి నగర్, బెంగళూరు